వలస వంటశాల, మౌన ప్రేమ: మోనిక్ ట్రువాంగ్ ‘ది బుక్ ఆఫ్ సాల్ట్’ నవల చారిత్రక నేపథ్యం

ఆలిస్ బి. టోక్లాస్ 1954లో వెలువరించిన వంటల పుస్తకంలో, ఫ్రాన్సులో తమ ఇంట పనిచేసిన సేవకులను గురించిన అధ్యాయం ఒకటి ఉంది. అందులో ట్రాక్, గుయెన్ అనే ఇద్దరు ఇండోచైనా వంటవారు కనిపిస్తారు. మొదటివాడు పత్రికా ప్రకటన చూసి కొలువుకు వచ్చినవాడు. రెండవవాడు అంతకుముందు ఇండోచైనా గవర్నర్ జనరల్ గృహంలో పనిచేసినవాడు. యజమానురాలి జ్ఞాపకంలో నిలిచినంత మేరకే వీరు చరిత్రకు దక్కారు. ఆ కొద్దిపాటి ప్రస్తావన నుండి 2003లో రూపొందిన నవల ‘ది బుక్ ఆఫ్ సాల్ట్’. రచయిత్రి మోనిక్ ట్రువాంగ్ 1968లో సైగాన్‌లో జన్మించి, 1975లో శరణార్థిగా అమెరికా చేరారు.

నవలలో ఇద్దరు వంటవారూ కలిసి బిన్ అనే ఒక్క పాత్ర అయ్యారు. అతడు పురుషులను ప్రేమించేవాడు. ఇది పూర్తిగా నవలాకారిణి కల్పన. చారిత్రక వ్యక్తులైన ట్రాక్, గుయెన్‌లకు దీనిని ఆపాదించడం పొరపాటు. అయితే ఆ కల్పనకు ఆధారమైన వ్యవస్థ మాత్రం కల్పన కాదు.

సైగాన్‌లోని గవర్నర్ జనరల్ వంటశాలలో బిన్ అన్న మిన్ ఏళ్ళ తరబడి పనిచేసి, ప్రధాన పాచకుని స్థానం తనకు దక్కునని ఆశిస్తాడు. ఆ స్థానానికి ఫ్రాన్సు నుండి బ్లెరియో అనే యువకుడు వస్తాడు. నైపుణ్యం ఎంత ఉన్నా స్థానికుడు రెండవ మెట్టు దాటరాదన్నది ఆ వంటశాల అలిఖిత నియమం. బజారులో దుబాసీగా వెంట వెళ్ళిన బిన్‌కూ బ్లెరియోకూ ప్రేమ అంకురించేది ఈ అసమానతలోనే. రహస్యం బయటపడగానే బిన్ కొలువు పోతుంది. తండ్రి ఇంటినుండి వెళ్ళగొడతాడు. అతడు ఓడ ఎక్కుతాడు.

ఇక్కడ చట్టం స్థితి గమనార్హం. 1791 నాటి ఫ్రెంచి శిక్షాస్మృతి స్వలింగ సంపర్కాన్ని నేరాల పట్టిక నుండి తొలగించింది. బ్రిటిషు ఇండియాలో 1860 శిక్షాస్మృతి 377వ సెక్షన్ దానిని నేరంగా నిలిపింది. వయోజనుల సమ్మతితో కూడిన సంబంధాలకు 2018లో గాని విముక్తి లభించలేదు. బిన్‌ను శిక్షించినది న్యాయస్థానం కాదు; కొలువు, కుటుంబం. చట్టగ్రంథాలను మాత్రమే చదివే చరిత్రకారునికి ఇటువంటి శిక్షలు కనిపించవు.

పారిస్‌లో ఫ్లోరుస్ వీధి 27వ నంబరు ఇంట గెర్‌ట్రూడ్ స్టైన్, టోక్లాస్‌లు దంపతులవలె జీవించారు. అక్కడికి వచ్చే చిత్రకారులకు, రచయితలకు ఇది తెలిసిన విషయమే. ఆ ఇంటి స్త్రీల ప్రేమను నిత్యం చూసే వంటవాని ప్రేమకు మాత్రం వారంలో ఒక్క సెలవురోజే చోటు. ధనం, జాతి, పౌరసత్వం ఒక ప్రేమను గౌరవనీయం చేసి, మరొకదానిని దొంగచాటు వ్యవహారం చేశాయి. నవలలో చరిత్ర విద్యార్థికి అత్యంత విలువైన భాగం ఇదే.

భాష సంగతి కూడా అంతే ముఖ్యం. మద్రాసు ప్రెసిడెన్సీ దొరల ఇళ్ళలో పుట్టిన ‘బట్లర్ ఇంగ్లీషు’ అన్న మాట తెలుగువారి నోట నేటికీ ఎగతాళిగానే వినిపిస్తుంది. బిన్ ఫ్రెంచి అటువంటిదే. పైకి ముక్కలు ముక్కలుగా మాట్లాడే అతని అంతరంగ భాషను రచయిత్రి అతిసంపన్నంగా తీర్చారు. ఒక్కొక్కచోట ఆ సంపన్నత మితిమీరి కథనాన్ని మందగింపజేసిందనీ చెప్పవలసి ఉంది.

నవలలో వంతెనపై తారసపడే అజ్ఞాత స్వదేశీయుని చిత్రణలో హోచిమిన్ ఛాయలు స్పష్టం. 1911లో ఆయన సైగాన్ విడిచినది ఓడ వంటశాలలో సహాయకునిగానే. శీర్షికలోని ఉప్పుకూ రాజకీయార్థం ఉంది: పాల్ డూమేర్ గవర్నర్ జనరల్‌గా ఉన్న కాలంలో (1897-1902) ఉప్పు, సారా, నల్లమందు గుత్తాధిపత్యాలు ఇండోచైనా ఖజానాకు ఆధారాలుగా స్థిరపడ్డాయి. 1930 ఉప్పు సత్యాగ్రహాన్ని ఎరిగిన ఆంధ్ర పాఠకునికి దీనిని ప్రత్యేకించి వివరించనక్కరలేదు.

బిన్ పారిస్ ప్రియుడు లాటిమోర్, నల్లజాతి మూలాలను దాచి తెల్లవానిగా చెలామణి అయ్యే అమెరికన్. స్టైన్ రాతప్రతి ఒకటి దొంగిలించి తెమ్మని అతడు కోరతాడు. ఆ ప్రతి పేరే ‘ది బుక్ ఆఫ్ సాల్ట్’. స్టైన్ రచనలలో అటువంటిది లేదు, అదీ కల్పనే. అందులో వ్రాయబడినది బిన్‌ను గురించే. ఇంగ్లీషు చదవడం రాని బిన్ ఆ కాగితాలను బీరువా నుండి తీసి ప్రియునికి అందిస్తాడు. లాటిమోర్ వాటితో పారిస్ విడిచి వెళ్ళిపోతాడు.