అణిగినా సాగినా మారని పరిమాణం: యానిమేషన్‌లో ఒక తొలి పాఠంపై పరిశీలన

అనకాపల్లి జిల్లా కె. కోటపాడులో కాలేజీకి వెళ్లే కుర్రవాడో అమ్మాయో ఉచితంగా దొరికే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌ను ల్యాప్‌టాప్‌లో వేసుకుని యానిమేషన్ మొదలుపెడితే, చేయమనే తొలి అభ్యాసం సాధారణంగా ఎగిరే బంతి. నేలను తాకినప్పుడు బంతి అణగాలి, వేగం అందుకున్నప్పుడు సాగాలి. దీన్నే స్క్వాష్ అండ్ స్ట్రెచ్ అంటారు. ఈ సూత్రానికి ఆధారాలేమిటి, నేర్చుకునేవారు దాన్ని ఎంతవరకు నమ్మాలి అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

ఇది 1930లలో డిస్నీ స్టూడియోలో బొమ్మలు గీసేవారి చేతుల్లో రూపుదిద్దుకుంది. అక్కడే పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో వెలువరించిన పుస్తకంలోని 12 సూత్రాల్లో ఇదే మొదటిది. సగం నిండిన పిండి సంచిని రకరకాల భంగిమల్లో గీయడం అప్పటి అభ్యాసం. 1987లో జాన్ లాసెటర్ సిగ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సుకు సమర్పించిన పత్రంలో ఈ సూత్రాలను త్రీడీ కంప్యూటర్ యానిమేషన్‌కు అన్వయించాడు. ఈ రెండూ విలువైన రచనలే. అయితే రెండూ చేయి తిరిగిన పనివాళ్ల అనుభవాలు. ప్రేక్షకుల మీద జరిపిన ప్రయోగాలు కావు.

భౌతికంగా చూస్తే సూత్రంలో సగమే నిజం. టెన్నిస్ బంతి నేలకు తగిలి నిజంగానే అణుగుతుంది, కానీ ఆ తాకిడి సుమారు 5 మిల్లీసెకన్లలో ముగుస్తుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఒక్కో ఫ్రేము దాదాపు 42 మిల్లీసెకన్లు. అంటే యానిమేటర్ ఒక ఫ్రేమంతా నిలబెట్టే అణుగుడు అసలుదానికి ఎన్నో రెట్లు ఎక్కువ సేపు ఉంటుంది. ఇక గాలిలో పడుతూ సాగడమన్నది మామూలు బంతికి లేనే లేదు. లాసెటర్ ఇచ్చిన కారణం వేరు: వేగంగా కదిలే బొమ్మ ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య దూరంగా పడితే కంటికి గెంతులుగా కనిపిస్తుంది, సాగదీస్తే ఆ ఖాళీ పూడుతుంది. ఈ వివరణ నాకు నమ్మదగినదిగా తోస్తుంది.

అణుగుడును చూసి మనం వస్తువు మెత్తదనాన్ని పసిగడతామా? 2017లో జర్నల్ ఆఫ్ విజన్‌లో పౌలున్, ఫ్లెమింగ్ తదితరుల పరిశోధన వచ్చింది. వస్తువు ఎంత గట్టిదో చూపరులు అంచనా వేసేటప్పుడు దాని ఆకారం మారే తీరు బలమైన ఆధారమవుతుందని అందులో తేలింది. ఇది సూత్రానికి అనుకూలమే. కానీ అది కార్టూన్ బొమ్మల మీద చేసింది కాదు, కాబట్టి అంతకు మించి లాగకూడదు.

నేర్చుకునేవారు ఎక్కువగా తడబడేది లెక్కలో. ఎంత అణిగినా ఎంత సాగినా ఘనపరిమాణం మారకూడదన్నది లాసెటర్ నొక్కిచెప్పిన నియమం. ఛోటా భీమ్ వంటి టూడీ బొమ్మలో ఎత్తు 1.44 రెట్లయితే వెడల్పు దాని విలోమం, అంటే 0.69 అయితే చాలు. త్రీడీలో తగ్గాల్సిన దిశలు రెండు. కనుక ఒక్కో దిశ వర్గమూలపు విలోమం కావాలి: 1.44కు వర్గమూలం 1.2, విలోమం 0.83. టూడీ అలవాటుతో రెండు దిశల్లోనూ 0.69 పెడితే బంతి పరిమాణంలో 30 శాతానికి పైగా మాయమవుతుంది. అణిచేటప్పుడు తప్పు ఇంకా పెద్దది. ఎత్తు 0.64 అయితే మిగతా రెండు దిశలు 1.25 ఉండాలి; 1.56 పెడితే బంతి ఒకటిన్నర రెట్లకు పైగా ఉబ్బుతుంది. చూసేవాళ్లు లెక్క చెప్పలేకపోయినా, బంతిలో గాలి కొట్టినట్టు ఉందని అంటారు. బ్లెండర్‌లోని మెయింటెయిన్ వాల్యూమ్ అనే సదుపాయం ఈ లెక్క తనే చేస్తుంది గానీ, మొదట కొన్ని రోజులు చేత్తో చేయడమే మేలు.

మరో చిక్కు దిశది. బంతి వంపుదారిలో వెళ్తుంటే సాగుడు ఆ దారి వెంట ఉండాలి, నిట్టనిలువుగా కాదు. బంతి దొర్లుతూ కూడా ఉంటే, సాగదీసే కంట్రోలు పేరెంటుగా పైన, తిరిగే బంతి దాని చైల్డుగా కింద ఉండేలా కట్టాలి. లేకపోతే అణుగుడు కూడా బంతితోపాటు గిరగిరా తిరుగుతుంది.

గట్టి వస్తువుల సంగతి? 1986 నాటి లుక్సో జూనియర్ అనే లఘుచిత్రంలో దీపం లోహం ఎక్కడా సాగదు. కీళ్ల దగ్గర ముడుచుకుని, చాచుకుని ఎగురుతుంది. మన తోలుబొమ్మలు కూడా అంతే: తోలు సాగదు, కీళ్లే ఆడతాయి. అనకాపల్లి జిల్లాలోనే తయారయ్యే ఏటికొప్పాక లక్క బొమ్మను యానిమేట్ చేయాలంటే ఆ కర్రను రబ్బరులా సాగదీయడం నా దృష్టిలో తప్పు. ఆ బొమ్మ అందమే దాని గట్టిదనంలో ఉంది. భావం పలికించడానికీ సాగుడు తప్పనిసరి కాదు: 2012 నాటి ‘ఈగ’ సినిమాలో నాయకుడైన ఈగకు మాటల్లేవు. అయినా దాని ఉద్దేశాలు మనకు అందడంలో పెద్ద వంతు కాళ్ల కదలికలదీ, ఒంటి భంగిమలదీ.

ఆధారాలు చెప్పేది ఇంతవరకే: వస్తువు ఏ పదార్థమో తెలిపేందుకూ, వేగం కంటికి తెగకుండా చూపేందుకూ ఈ సూత్రం పనికొస్తుంది, ప్రతి కదలికకూ తప్పనిసరి కాదు. కొత్తగా నేర్చుకుంటున్నట్లయితే ఒకే ఎగురుడును మూడు రకాలుగా చేయండి: రబ్బరు బంతి, ఇనుప గుండు, నీళ్లు నింపిన బెలూన్. పేర్లు చెప్పకుండా ఇంట్లోవాళ్లకు చూపించి, ఏది ఏదో వాళ్లనే చెప్పమనండి.