మీటరు ముల్లు పడిపోతే: మోటారు కరెంటు పరిశీలనకు ఒక చరిత్ర

విద్యుత్ మోటారు ఆగి ఉన్నప్పుడు లాగే కరెంటు కన్నా తిరుగుతున్నప్పుడు లాగే కరెంటు ఎంతో తక్కువగా ఉంటుంది. 1827లో జార్జ్ ఓమ్ ప్రకటించిన సూత్రం ప్రకారం బ్యాటరీ వోల్టేజీని తీగ నిరోధంతో, అంటే కరెంటుకు ఆ తీగ అడ్డుపడే గుణంతో, భాగిస్తే కరెంటు విలువ రావాలి. ఆగిన మోటారు విషయంలో ఈ లెక్క సరిపోతుంది, తిరిగే మోటారు విషయంలో సరిపోదు. తీగా మారలేదు, బ్యాటరీ మారలేదు, అయినా మీటరు ముల్లు కిందికి దిగుతుంది. ఈ తగ్గుదల యంత్రంలోని లోపం కాదని, యంత్రం పనిచేస్తున్నదనడానికి గుర్తు అని తేల్చడమే మోటారు మరమ్మతు విద్యకు తొలి మెట్టు అయింది.

ఆ మెట్టు ఎక్కినవాడు మొరిట్జ్ హెర్మన్ యాకోబి. పోట్స్‌డామ్‌లో పుట్టి, 1834లో క్యోనిగ్స్‌బర్గ్‌లో తన తొలి మోటారు తిప్పి, ఆ తరువాత రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరిన ఈ ఇంజనీరు, 1838లో 320 జతల జింకు, రాగి పలకల బ్యాటరీతో నేవా నది మీద సుమారు పన్నెండు మంది ఎక్కిన పడవను నడిపించాడు. అదే నగరంలో అతనితో కలిసి పరిశోధనలు చేసిన హైన్రిక్ లెంజ్, అయస్కాంత క్షేత్రంలో కదిలే తీగలో పుట్టే విద్యుత్తు ఆ కదలికనే అడ్డుకునే దిశలో ఉంటుందని 1834 నాటికే నియమంగా చెప్పి ఉన్నాడు. మోటారు తిరుగుతూనే తనలో తాను ఒక డైనమోలా పనిచేసి, బ్యాటరీకి ఎదురుగా వోల్టేజీ పుట్టిస్తుంది. పాఠ్యగ్రంథాలు దీన్ని వ్యతిరేక విద్యుచ్ఛాలక బలం అంటాయి, మెకానిక్కులు బ్యాక్ ఇ.ఎం.ఎఫ్. అంటారు. ఉదాహరణకు ఒక ఓమ్ నిరోధమున్న మోటారుకు 12 వోల్టులు ఇస్తే, ఇరుసు బిగుసుకుపోయి కదలనప్పుడు 12 ఆంపియర్లు పారతాయి. అదే మోటారు జోరందుకుని 11 వోల్టులు ఎదురు పుట్టిస్తే మిగిలిన ఒక్క వోల్టుకు ఒక్క ఆంపియరే పారుతుంది.

ఎదురు వోల్టేజి బ్యాటరీ వోల్టేజిలో సగానికి చేరి, కరెంటు కూడా సగానికి పడినప్పుడు మోటారు అత్యధిక శక్తినిస్తుందని యాకోబి 1840లో వివరించాడు. లెక్క సరైనదే కాని, దాన్ని చదివినవారు దారి తప్పారు. అత్యధిక శక్తి వేరు, పెట్టిన విద్యుత్తుకు దక్కే ఫలితపు నిష్పత్తి, అంటే దక్షత, వేరు. ఈ రెంటినీ ఒకటిగా భావించి, మోటారు దక్షత 50 శాతం దాటదని నమ్మినవారు 1880ల దాకా ఉన్నారు. సిల్వేనస్ థాంప్సన్ 1884లో వెలువరించిన డైనమో గ్రంథంలో ఈ పొరపాటును విడమరిచి చూపవలసి వచ్చింది. కరెంటు సగం కన్నా ఇంకా తగ్గిన చోటనే దక్షత పెరుగుతుందన్న సంగతి ఇంజనీర్లకు కూడా అంత తొందరగా మింగుడు పడలేదన్నమాట.

అయితే ముల్లు పడిన ప్రతిసారీ ఎదురు వోల్టేజినే కారణంగా చెప్పడం కూడా కుదరదు. అమెరికా కాంగ్రెసు ఇచ్చిన 20,000 డాలర్లతో చార్లెస్ పేజ్ తయారుచేసిన విద్యుత్ రైలింజను 1851 ఏప్రిల్ 29న వాషింగ్టన్ నుంచి బ్లేడెన్స్‌బర్గ్‌కు బయలుదేరి, గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది గాని, దారి కుదుపులకు బ్యాటరీల లోపలి మట్టి గోడలు పగిలి ఆమ్లాలు కలిసిపోవడం, తీగచుట్ల మీది ఇన్సులేషన్ దెబ్బతినడం వల్ల దాని బలం ఉడిగిపోయింది. ఇక్కడ పడినది సరఫరా. తిరిగే చుట్లకు కరెంటు దిశ మార్చి అందించే కమ్యుటేటర్ మీద ఒరుసుకునే బ్రష్‌లది మరో తంటా. 1888లో రిచ్‌మండ్ నగరంలో ఫ్రాంక్ స్ప్రేగ్ నడిపిన ట్రాములను లోహపు బ్రష్‌లు అరిగిపోతూ, నిప్పురవ్వలు చిమ్ముతూ వేధించాయి; కార్బన్ బ్రష్‌లు వచ్చాకనే ఆ పోరు సద్దుమణిగింది.

కారణాన్ని ఊహించకుండా కొలిచి తేల్చడానికి నమ్మదగిన మీటరు కావాలి. ఎడ్వర్డ్ వెస్టన్ 1892లో రూపొందించిన మాంగనిన్ అనే మిశ్రమ లోహం, వేడెక్కినా నిరోధం దాదాపు మార్చుకోదు కాబట్టి, దానితో చేసిన చిన్న ముక్క గుండా మోటారు కరెంటు పంపి, దాని రెండు కొసల మధ్య వోల్టేజి చూస్తే కరెంటు ఎంతో తెలిసిపోతుంది. నేటి మోటారు డ్రైవర్ బోర్డు, అంటే చిన్న సంకేతాన్ని అందుకుని మోటారుకు పెద్ద కరెంటు వదిలే వలయం, చాలా చోట్ల ఈ పద్ధతినే పాటిస్తుంది. ఎల్298 వంటి పాతకాలపు డ్రైవర్ చిప్పు రెండు ఆంపియర్ల దగ్గర తానే నాలుగైదు వోల్టుల దాకా మింగేయగలదు. రాగి చుట్లు 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడెక్కితే వాటి నిరోధం దాదాపు 30 శాతం పెరుగుతుంది. రెండూ కరెంటును తగ్గించేవే, రెండూ మోటారు వేగంతో నిమిత్తం లేనివే. అందుకే ఇరుసును ఒక్క క్షణం పట్టి ఆపి చూసే పరీక్షకు ఈనాటికీ విలువ తగ్గలేదు: కరెంటు ఎగబాకితే తగ్గుదలకు కారణం ఎదురు వోల్టేజి, ఎగబాకకపోతే వెతకవలసింది చిప్పులో, చుట్లలో, లూజు కనెక్షన్లలో, సరఫరాలో.

తెలుగు నేల మీద ఈ విద్య బోరుబావి దగ్గర మరో రూపంలో కనిపిస్తుంది. అక్కడి సబ్‌మెర్సిబుల్ మోటారు బ్రష్‌లు లేని ఇండక్షన్ మోటారు, దాని పని తీరు వేరు. అయినా మోయవలసిన బరువు తగ్గితే అది లాగే కరెంటూ తగ్గుతుంది. స్టార్టరు డబ్బాకు బిగించిన ఆంపియర్ మీటరులో ముల్లు మామూలు గీత కన్నా కిందికి జారితే, కొన్ని వందల అడుగుల లోతున ఉన్న పంపుకు నీళ్లు అందడం లేదని అనుమానించాలి. ఆ పడిపోవడాన్ని కనిపెట్టి మోటారును ఆపేసే రిలేను డ్రై రన్ ప్రివెంటర్ పేరుతో అమ్ముతున్నారు.