పైపు ఖాళీ అయితే

గోల్కొండకు వెళ్లినవాళ్లు గుమ్మటం కింద చప్పట్లు కొట్టి ప్రతిధ్వని వింటారు. నేను మాత్రం గోడలు చూస్తాను. కొన్నిచోట్ల సున్నం రాలిపోయి లోపలి మట్టి గొట్టాలు బయటపడి ఉంటాయి. ఒకదాని మూతి ఇంకోదాంట్లో దూర్చి, చుట్టూ సున్నం దట్టించారు. దుర్గం చెరువు నీళ్లను కోటలో అంచెలంచెలుగా పైకి తోడి ఇలాంటి గొట్టాల్లోనే పంచేవారు. నగరంలో నల్లా లైన్ల మీద అతుకులు వేసి, వాల్వులు తిప్పి రిటైరైనవాణ్ణి. ఆ అతుకుల దగ్గర నాకు అడుగు ముందుకు పడదు.

హైదరాబాద్ నీళ్ల చరిత్ర ఎవరు చెప్పినా చెరువుల పేర్లే చెబుతారు. కుతుబ్‌షాహీల నాటి హుస్సేన్ సాగర్, 19వ శతాబ్దం తొలినాళ్లలో 21 కమాన్ల ఆనకట్టతో కట్టిన మీర్ ఆలం చెరువు నగరం దాహం తీర్చాయి. బావులు, తోలు సంచీల్లో నీళ్లు మోసే భిస్తీలు ఎలాగూ ఉండేవాళ్లు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఊరికి ఎగువనే నదిని ఆపాలని ఆయన చెప్పారు. అలా 1920లో మూసీ మీద ఉస్మాన్ సాగర్ (జనం నోట గండిపేట), 1927లో ఈసీ మీద హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరద కోసం కట్టినవే తాగునీటికి ఆధారమయ్యాయి. గండిపేట నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదిలి పోడని నానుడి కూడా పుట్టింది.

నా దృష్టిలో గండిపేట గొప్పతనం చెరువులో లేదు, నీళ్లు వచ్చే తీరులో ఉంది. చెరువు ఎత్తున ఉంది, ఊరు పల్లంలో ఉంది. మూసి ఉన్న కాలువలో నీళ్లు వాటంతటవే ఆసిఫ్ నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా దిగి వచ్చేవి. కరెంటుతో పనిలేదు, మోటరుతో పనిలేదు.

అక్కణ్ణుంచి వీధుల్లోకి పోత ఇనుము పైపులు. వాటికి అతుకు ఎలా వేసేవారో ఇప్పటి కుర్రాళ్లు చూసి ఉండరు. పైపు కొనను పక్క పైపు గూట్లోకి దించి, మధ్య సందులో జనపనార తాడు చుట్టి ఉలితో బిగించాలి. గూటి మూతి చుట్టూ బంకమట్టి మెత్తి పైన చిన్న కన్నం వదలాలి. బొగ్గుల మీద కాగిన సీసాన్ని ఆ కన్నంలోంచి ఒక్క ఊపులో పోసెయ్యాలి, మధ్యలో ఆగితే అతుకు చెడుతుంది. పోసేముందు మా మేస్త్రీ చేత్తో తడిమి చూసేవాడు. "తమ్మీ, లోపల నీళ్ల బొట్టు కూడా ఉండొద్దు" అనేవాడు. తడి ఉంటే సీసం పేలి ముఖాన చిమ్ముతుంది. చల్లారాక మళ్లీ ఉలి పెట్టి చుట్టూ కొట్టాలి. ఎంత బాగా వేసినా లారీల బరువుకు, నేల కుంగడానికి అవి కాలక్రమేణా సడలుతాయి. అర్ధరాత్రి రోడ్డు సద్దుమణిగాక ఇనప కడ్డీ ఒక కొన వాల్వు మీద ఆన్చి రెండో కొన చెవికి పెట్టుకుంటే లీకు బుసబుసమని వినబడేది.

ఊరు పెరిగింది. 1960ల్లో మంజీరా, ఆ తరువాత సింగూరు, 2004లో కృష్ణ, 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి వచ్చాయి. కృష్ణ, గోదావరి వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తిపోసుకుంటూ రావాలి. అక్కడ కరెంటు పోయినా, దారిలో పెద్ద పైపు పగిలినా ఇక్కడ నల్లాలు ఎండుతాయి. ఉన్న నీళ్లను వంతులవారీగా వదలడం అలవాటైపోయింది. వాల్వు తాళం భుజాన వేసుకుని వీధిలోకి వస్తే బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లు "అన్నా, ఇయ్యాల ఎంతసేపు ఇడుస్తవే?" అనేవాళ్లు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక నేను పడ్డ బాధ చాలా ఉంది.

గంటసేపు వదిలి ఆపెయ్యడాన్ని అందరూ నీళ్లు చాలకపోవడంగానే చూస్తారు. అది నీళ్లు చెడడం కూడా. పైపు నిండుగా, ఒత్తిడితో ఉన్నంతకాలం లీకులోంచి నీళ్లు బయటికే పోతాయి, బయటి మురికి లోపలికి రాదు. సరఫరా ఆపగానే పల్లపు ఇళ్లలోకి నీళ్లు దిగిపోయి పైపులో ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు అదే లీకు చుట్టుపక్కల తడిని లోపలికి పీలుస్తుంది. పక్కనే డ్రైనేజీ గొట్టం కారుతుంటే పీల్చేది ఆ నీళ్లనే. పై అంతస్తులకు ఎక్కడం లేదని నల్లాకు నేరుగా మోటరు తగిలిస్తే ఆ పీల్చుడు ఇంకా ఎక్కువ. నష్టం మోటరు ఉన్న ఇంటితో ఆగదు, ఆ లైను మీదున్న వాళ్లందరిదీ.

2009 మే నెలలో నగరంలోని భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి వందల మంది వాంతులు, విరేచనాలతో ఆస్పత్రుల పాలయ్యారు. ప్రాణాలు పోయాయి. ఇరుకు సందుల్లో నల్లా లైను, మురుగు లైను పక్కపక్కనే పోయే పేటలు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయో ఈ పని చేసినవాళ్లకు తెలుసు. ఆనకట్టకు శిలాఫలకం వేస్తారు. భూమిలో కుళ్లిన పైపు మార్చడానికి డబ్బులు అడిగితే ఫైలు కదలదు. ఇది నన్ను ఇప్పటికీ మండిస్తుంది.

నీళ్లు ఆగి మళ్లీ వచ్చినప్పుడు మొదటి నీళ్లు తాగడానికి పట్టకండి. రంగు, వాసన పోయేదాకా వదలండి, ఆ నీళ్లు వాకిలి కడగడానికి పనికొస్తాయి. తాగేవి తెర్లేదాకా కాచండి. మోటరు సంపులో పెట్టండి, నల్లాకు పెట్టకండి. సంపు మూత నేలకంటే ఎత్తుగా ఉండాలి. నీళ్లలో క్లోరిన్ మందు వాసన వస్తోందని మాకు ఫిర్యాదులు వచ్చేవి. నాకు భయం వేసేది మందు బొత్తిగా లేని నీళ్ల గురించి. నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన దేశ ప్రమాణం. ఆ పరీక్షకు సీసాలో పట్టిన నీళ్లు, కొన్ని చుక్కల ద్రావకం, రంగు పోల్చుకునే పట్టీ చాలు. ట్యాంకు పక్కనున్న ఇంటి దగ్గర చేసి రిజిస్టర్లో రాసుకుంటే లాభం లేదు. లైను చివర, పల్లంలో, డ్రైనేజీ పక్కనున్న ఇంటి నల్లా దగ్గర చెయ్యాలి, అదీ నీళ్లు వదిలిన మొదటి పది నిమిషాల్లో.