వోలర్ నిజంగా ఏం చేశాడు?

హేతువాద సభల్లోనూ పాఠ్యపుస్తకాల్లోనూ ఒక కథ తరచు వినిపిస్తుంది. జీవుల శరీరంలో తయారయ్యే పదార్థాలకు 'ప్రాణశక్తి' కావాలని పూర్వం అందరూ నమ్మేవారట. 1828లో ఫ్రెడ్రిక్ వోలర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో యూరియా తయారుచేసి ఆ నమ్మకాన్ని ఒక్క దెబ్బతో కూల్చేశాడట. మనకు నచ్చే కథే. నచ్చింది కాబట్టే పరీక్షించాలి.

వోలర్ 1800లో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఎషర్స్‌హైమ్‌లో పుట్టాడు. 1823లో హైడెల్‌బర్గ్‌లో వైద్య పట్టా పుచ్చుకున్నాడు గాని వైద్యం చేయలేదు. స్వీడన్ వెళ్లి, ఆనాటి రసాయన శాస్త్ర దిగ్గజం బెర్జీలియస్ దగ్గర పని నేర్చుకున్నాడు. తర్వాత బెర్లిన్‌లో ఒక సాంకేతిక పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యాడు.

అక్కడే అమ్మోనియం సయనేట్ అనే లవణం కోసం సిల్వర్ సయనేట్‌ను అమ్మోనియం క్లోరైడ్‌తో కలిపాడు. వచ్చిన తెల్లటి స్ఫటికాలు ఆ లవణంలా ప్రవర్తించలేదు. మూత్రం నుంచి తీసిన యూరియాతో పోల్చి చూస్తే రెండూ ఒకటే! మూత్రపిండాలతో పని లేకుండా, మనిషీ కుక్కా అక్కర్లేకుండా యూరియా చేయగలనని 1828 ఫిబ్రవరిలో గురువుకు సంబరంగా ఉత్తరం రాశాడు.

ఇంతవరకు చరిత్ర. మిగతాది?

నా ఉద్యోగ జీవితమంతా రక్షణ శాఖ పద్దుల్లో గడిచింది. ఎంత సబబుగా కనిపించినా వోచరు లేని ఖర్చును ఒప్పుకోం. ఈ కథకు వోచరు అడిగితే దొరకదు. ప్రాణశక్తి సిద్ధాంతం ఓడిపోయిందని వోలర్ తన పత్రంలో ఎక్కడా ప్రకటించలేదు. పైగా తన సయనేట్‌కు మూలం జంతు పదార్థాలే కదా అని ఎవరైనా ఆక్షేపించవచ్చని ఆ ఉత్తరంలో తానే గుర్తించాడు. అతని ఆప్తమిత్రుడు లీబిగ్ 1842లో కూడా తన పుస్తకంలో ప్రాణశక్తి గురించి రాశాడు. 1845లో కోల్బే ఎసిటిక్ ఆమ్లాన్ని తయారుచేశాడు. 1897లో బుక్నర్ సజీవ ఈస్ట్ కణాలు లేకుండానే, వాటి రసంతో చక్కెరను పులియబెట్టి చూపించాడు. ఆ సిద్ధాంతం ఒక్క రోజులో కూలలేదు, దశాబ్దాల తరబడి అరిగిపోయింది.

మరి కథ ఎలా పుట్టింది? 1882లో వోలర్ చనిపోయాక హోఫ్‌మన్ రాసిన సంస్మరణ దానికి ఊతమిచ్చింది. 1930లో బెర్నార్డ్ జాఫీ రాసిన జనరంజక పుస్తకం రంగులద్దింది. ఇది కట్టుకథ అని డగ్లస్ మెక్కీ 1944లోనే 'నేచర్' పత్రికలో రాశాడు. అయినా కథ ఆగలేదు.

కట్టుకథ తీసేస్తే వోలర్ చిన్నవాడవుతాడా? కాడు. 1827లో అల్యూమినియాన్ని, 1828లో బెరీలియాన్ని వేరుచేశాడు. లీబిగ్ పరిశీలించిన పేలుడు లవణానికీ, వోలర్ సిల్వర్ సయనేట్‌కూ ఒకే సంఘటనం ఉన్నట్టు తేలింది. ఒకే పరమాణువులు, ఒకే లెక్క, గుణాలు మాత్రం వేరు! యూరియా, అమ్మోనియం సయనేట్ కూడా అలాంటి జంటే. దీనినే బెర్జీలియస్ తర్వాత ఐసోమెరిజం అన్నాడు. వోలర్ ప్రయోగంలో రసాయన శాస్త్రానికి దక్కిన అసలు ఆస్తి ఇదే. శత్రువులు కావలసిన ఆ ఇద్దరూ ప్రాణస్నేహితులై, 1832లో బెంజోయిల్ సమ్మేళనాలపై కలిసి పనిచేశారు.

1862లో వోలర్ కాల్షియం కార్బైడ్ తయారుచేసి, నీటితో కలిపితే ఎసిటిలీన్ వస్తుందని చూపాడు. చట్టం నిషేధించినా మన మార్కెట్లలో మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడే కార్బైడ్ అదే. మన రైతులు పొలంలో చల్లే యూరియా కూడా అతను చేసిన పదార్థమే. కాకపోతే కర్మాగారాల్లో దాన్ని అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్‌లతో తయారుచేస్తారు.

బాబాల మహిమలకు సాక్ష్యం అడిగే మనం, మన వాదానికి పనికొచ్చే కథలకూ సాక్ష్యం అడగాలి. లేకపోతే వాళ్ల పురాణాలకు తోడు మనమూ ఒక పురాణం రాసుకున్నట్టే. వోలర్‌కు ఆ అవసరం లేదు.