రంగు కంటే ముందు ఉపరితలం: లోహపు పూతల మన్నికను నిర్ణయించేది పట్టు

తమిళనాడులోని మండపం నుంచి రామేశ్వరం ద్వీపానికి సముద్రంపై సాగే కొత్త పాంబన్ రైలు వంతెనను 2025 ఏప్రిల్ 6న ప్రారంభించారు. 2.08 కిలోమీటర్ల ఈ వంతెనలో 72.5 మీటర్ల భాగం ఓడలకు దారి ఇవ్వడానికి నిలువుగా పైకి లేస్తుంది. 1914 నుంచి సేవలందించిన పాత వంతెనపై 2022 డిసెంబరులో రైళ్ల రాకపోకలు నిలిచిపోయాయి. ఓడల కోసం తెరుచుకునే భాగంలో ఉక్కు తుప్పుపట్టి బలహీనపడటమే అందుకు కారణం. ఆ అనుభవంతోనే కొత్త వంతెన ఉక్కుకు పాలీసిలాక్సేన్ రకం పూత వేశారు. కాంక్రీటులో స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీలు వాడారు.

అయితే ఏ రంగు వేశారన్నది సగం సమాధానమే. అది ఉక్కును ఎంత గట్టిగా పట్టుకుందన్నది మిగతా సగం. టెండర్లలోనూ, ఇంటి గేటుకు రంగు వేయించేటప్పుడూ ఎక్కువగా మరుగున పడేది ఈ రెండో సగమే.

పూత కింద ఏం జరుగుతుంది?

రంగు పొర నీటినీ గాలినీ పూర్తిగా ఆపేస్తుందన్నది సాధారణ నమ్మకం. నిజానికి ఏ రంగైనా కొద్దికొద్దిగా నీటి ఆవిరిని, ఆక్సిజన్‌ను లోపలికి పోనిస్తుంది. పొర లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకొని ఉన్నంతకాలం ఆ నీటికి లోహం మీద నిలిచే చోటు దొరకదు. పట్టు వదిలిన చోట నీరు సన్నని పొరగా చేరుతుంది. తుప్పు అక్కడే మొదలవుతుంది.

గీత పడిన చోట ఈ ప్రక్రియ మరింత స్పష్టంగా కనిపిస్తుంది. గీతలో బయటపడిన ఇనుము కరుగుతూ ఎలక్ట్రాన్లను విడుదల చేస్తుంది. వాటిని అందుకొని, గీత అంచున పూత కిందికి చేరిన ఆక్సిజన్, నీరు కలిసి క్షార గుణం గల హైడ్రాక్సైడ్‌గా మారతాయి. ఆ క్షారం రంగుకూ లోహానికీ మధ్య బంధాన్ని తెంచుతుంది. దీనికి తోడు తుప్పు తాను తినేసిన ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పొర పైకి లేచి పెచ్చులుగా ఊడుతుంది. చిన్న గీత కొన్నేళ్లలో అరచేయంత మచ్చ కావడానికి కారణం ఇదే.

శుభ్రత అంటే కంటికి కనిపించేది మాత్రమే కాదు

కర్మాగారం నుంచి వచ్చే కొత్త ఉక్కుపై నీలి నలుపు రంగులో మిల్ స్కేల్ అనే ఆక్సైడ్ పొర ఉంటుంది. చూడటానికి అది రక్షణ కవచంలా ఉంటుంది. కానీ పెళుసుగా ఉండి పగుళ్లిస్తుంది. దానిపై వేసిన రంగును కూడా వెంట తీసుకుపోతుంది. అందుకే పెద్ద నిర్మాణాల్లో గరుకు రేణువులను ఒత్తిడి గాలితో కొట్టి ఉక్కును శుభ్రం చేస్తారు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8501-1లో ‘ఎస్ఏ 2½’ అంటే దాదాపు తెల్లటి లోహం కనిపించే స్థాయి. తీగ బ్రష్‌తో రుద్దితే ఆ స్థాయి రాదు.

ఇలా కొట్టడం వల్ల మరో ప్రయోజనం ఉంది. నున్నని ఉక్కు గరుకై, సూక్ష్మమైన గుట్టలు, లోయలు ఏర్పడతాయి. వాటిలోకి రంగు దిగి పట్టు చిక్కుతుంది. మందపాటి ఎపాక్సీ పూతలకు సాధారణంగా 50 నుంచి 75 మైక్రాన్ల గరుకుతనం కోరతారు. లోయలు మరీ లోతైతే శిఖరాలు రంగును దాటి బయటికి పొడుచుకొచ్చి, అక్కడే తుప్పు మొలుస్తుంది.

సముద్ర తీరంలో అసలు శత్రువు కంటికి కనిపించని ఉప్పు. పూత కింద చిక్కిన ఉప్పు బయటి నుంచి నీటిని లాక్కొని పొక్కులు లేపుతుంది. గరుకు రేణువులతో కొట్టడం ఒక్కటే ఉప్పును తొలగించదు, కొంత లోతుకు దిగ్గొట్టే ప్రమాదమూ ఉంది. ముందుగా మంచినీటితో కడగడం, చిన్న అతుకు పట్టీతో ఉపరితలంపై ఉప్పు ఎంత మిగిలిందో కొలవడం ఇందుకే. విశాఖపట్నం వంటి ఓడరేవు నగరాల్లో ఈ దశను వదిలేస్తే ఎంత ఖరీదైన రంగైనా నిలవదు.

గాలిలోని తేమ కూడా లెక్కలోకి వస్తుంది. తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత కంటే ఉక్కు కనీసం 3 డిగ్రీల సెల్సియస్ వెచ్చగా ఉంటేనే రంగు వేయాలన్నది స్థిరపడిన నియమం. శుభ్రం చేసిన ఉక్కు తీరప్రాంతంలో కొన్ని గంటల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది. అందుచేత ప్రైమర్ అదే రోజు పడాలి.

జింక్ చేసే త్యాగం

పట్టు ఎంత బాగున్నా గీతలు తప్పవు. అక్కడ జింక్ ఆదుకుంటుంది. ఇనుము కంటే తేలికగా కరిగే ఈ లోహం, తాను ముందు కరుగుతూ ఇనుమును కాపాడుతుంది. సుమారు 450 డిగ్రీల వద్ద కరిగిన జింక్‌లో ఉక్కును ముంచే గాల్వనైజింగ్, జింక్ పొడి దట్టించిన ప్రైమర్, కరిగిన జింక్‌ను చిమ్మే పద్ధతి, ఈ మూడింటికీ ఆధారం అదే.

జింక్‌పై రంగు వేయడం మాత్రం మరో చిక్కు. కొత్త గాల్వనైజ్డ్ రేకులకు మామూలు ఎనామెల్ వేస్తే కొద్ది నెలల్లోనే పెచ్చులూడటం చాలామంది చూసే ఉంటారు. ఆ రంగులోని నూనె ఆమ్లాలు జింక్‌తో చర్య జరిపి సబ్బు లాంటి పొరగా మారతాయి. తప్పు రంగు నాణ్యతది కాదు, ఎంపికది. రేకును తేలికగా గరుకు చేసి, జింక్‌కు తగిన ప్రైమర్ వేస్తే ఆ సమస్య ఉండదు.

పట్టు పెంచేందుకు రసాయన పద్ధతులూ ఉన్నాయి. ఫాస్ఫేటింగ్ ఉక్కుపై సన్నని స్ఫటికాల పొరను పెంచుతుంది. సిలేన్ అణువుల ఒక కొన లోహపు ఆక్సైడ్‌ను, మరో కొన రంగులోని రెసిన్‌ను పట్టుకుంటుంది. దశాబ్దాల పాటు అగ్రస్థానంలో నిలిచిన క్రోమేట్‌లు అద్భుతంగా పనిచేసినా, వాటిలోని ఆరు వేలన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం. వాటికి సాటివచ్చే బదులు కోసం అన్వేషణ ఇంకా సాగుతూనే ఉంది.

ఫోర్త్ వంతెన పాఠం

స్కాట్లాండ్‌లో 1890లో ప్రారంభమైన ఫోర్త్ రైలు వంతెనకు రంగు వేయడం ఎప్పటికీ ముగియని పనికి సామెతగా మారింది. పాత రంగుపైనే కొత్త రంగు వేసుకుంటూ పోతే, కొత్త పొర పట్టు పాత పొర పట్టును మించదు. 2002లో మొదలై 2011 డిసెంబరులో ముగిసిన పనిలో ఆ పాత పొరలన్నింటినీ తొలగించి ఉక్కును బయటికి తెచ్చారు. తర్వాత జింక్ ప్రైమర్, గాజు రేకల ఎపాక్సీ, పైపూత వేశారు. రేకలు నీటి దారిని మెలికలు తిప్పి పొడిగిస్తాయి. 20 ఏళ్లకు పైగా మళ్లీ రంగు అవసరం ఉండదన్నది అప్పటి అంచనా.

పరీక్షలు ఏం చెబుతాయి?

పూతపై చిన్న లోహపు బిళ్లను అతికించి లాగితే, ఎంత బలానికి ఊడిందో మెగాపాస్కల్‌లలో తెలుస్తుంది. ఆ అంకె కంటే ఊడిన చోటు ముఖ్యం. రంగు పొర తనలో తాను తెగితే ఉపరితలం సిద్ధం చేసిన పని సరిగా జరిగినట్టే. ఉక్కు నిగనిగలాడుతూ బయటపడితే మొత్తం పని అనుమానించదగ్గదే. పదునైన అంచులు, బోల్టు తలలు, వెల్డింగ్ అతుకుల వద్ద తడి రంగు పలచబడుతుంది. అందుకే అంచులను గుండ్రంగా చెక్కి, అక్కడ బ్రష్‌తో అదనపు చేయి వేస్తారు. తుప్పు మొదట కనిపించేదీ అక్కడే.

ఉప్పునీటి తుంపరల గదిలో వెయ్యి గంటలు నిలిచిందని చెప్పే ప్రచారాన్ని మాత్రం జాగ్రత్తగా చదవాలి. ఆ గదిలో 35 డిగ్రీల వద్ద 5 శాతం ఉప్పునీరు నిరంతరం పడుతుంది. ఎండా లేదు, ఆరడమూ లేదు. బయట ఏళ్ల తరబడి నిలిచే జింక్ పొర ఆ గదిలో త్వరగా కరిగిపోతుంది. ఆ కారణంగానే నమూనా పలకలను సముద్రపు గాలిలో ఏళ్లపాటు ఆరబెట్టి చూస్తారు. కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థకు అలాంటి పరీక్షా కేంద్రం ఒకటి మండపంలో, పాంబన్ వంతెన భూభాగాన్ని తాకే చోటికి చేరువలోనే ఉంది.