సినిమా పూర్తికాకముందే ఆపరేషన్ అయిపోయింది

2017 సెప్టెంబరు. గుంటూరులో ఒక ఆపరేషన్ థియేటర్. బల్ల మీద పడుకున్నావిడ స్వయానా నర్సు. పుర్రె తెరిచారు. లోపల కణితి. ఆవిడ ‘బాహుబలి 2’ చూస్తోంది. పాటొస్తే కూనిరాగం కూడా తీస్తోంది.

మెదడు ఆపరేషనంటే ఒళ్లు తెలియకుండా మత్తివ్వాలి కదా! ఇచ్చి ఉంటే డాక్టర్లు గుడ్డిగా కొయ్యాల్సి వచ్చేది. కణితి ఉన్నది ఎడమవైపు, స్పర్శ తెలిసే భాగంలో. దాన్ని ఆనుకునే కుడిచేతినీ కుడికాలినీ కదిలించే భాగం ఉంటుంది. ఎక్కడ ఆగాలో స్కాన్ కొంతవరకే చెబుతుంది. మిగతాది పేషెంటే చెప్పాలి. చెయ్యి బిగించమ్మా, కాలు కదపమ్మా, తిమ్మిరిగా ఉందా? ఇలాంటి ఆపరేషన్లలో ఈ పలకరింపులు ఆగవు. జవాబు తడబడితే సర్జన్ చెయ్యి ఆగుతుంది.

మరి నొప్పి? మెదడును తాకినా కోసినా తెలియదు. నొప్పిని పసిగట్టే నరాలు అందులో లేవు. బాధంతా నెత్తి చర్మానిది, మెదడు మీది పొరది. అందుకే తల చుట్టూ లోకల్ అనస్తీషియా సూదులు వేస్తారు. పన్ను పీకేముందు చిగురుకిచ్చే మందుల జాతే. నరంలోకి సోడియం వెళ్లే దారి మూతపడుతుంది, కబురు మెదడుకు చేరదు. కొందరిని పుర్రె తెరిచేదాకా ప్రొపోఫాల్ అనే మత్తుమందుతో నిద్రపుచ్చి, మధ్యలో లేపి, మూసేటప్పుడు మళ్లీ నిద్రపుచ్చుతారు.

నొప్పి తెలియకపోవడం ఒకటి, స్పృహ లేకపోవడం ఇంకొకటి, జ్ఞాపకం నిలవకపోవడం వేరొకటి. మిడజోలం అనే మత్తుమందు కొద్దిగా ఇస్తే మనిషి మాట్లాడతాడు, చెప్పినట్టు పక్కకు ఒత్తిగిలుతాడు. సాయంత్రం అడిగితే ఏదీ గుర్తుండదు. మెదడును నెమ్మదింపజేసే ‘గాబా’ అనే రసాయనం ప్రభావాన్ని ఆ మందు పెంచుతుంది. దాంతో మెదడులో జ్ఞాపకాలను నమోదు చేసే హిప్పోకాంపస్ కొత్త సంగతులను దాచుకోలేదు. పాతవి చెక్కుచెదరవు.

నర్సుగారికి మాత్రం అంతా గుర్తుంది. దాదాపు గంటా నలభై నిమిషాల సినిమా నడిచేసరికి పని ముగిసింది. ఇంకాసేపు చేస్తే సినిమా పూర్తయ్యేది కదా అని ఆవిడ అందని అప్పటి పత్రికలు రాశాయి. 2020 నవంబరులో గుంటూరులోనే ఇంకొకరు ‘బిగ్‌బాస్’, ‘అవతార్’ చూస్తూ ఇలాంటి ఆపరేషనే చేయించుకున్నారు.

తెనాలి, బాపట్ల, రేపల్లె ఇళ్లలో అసలు భయం మెలకువగా ఉండగా కోస్తారని కాదు, మత్తు దిగాక ఏమవుతుందోనని. తుంటి విరిగిన పెద్దాయన్ని గుంటూరు తీసుకెళతారు. ఆపరేషన్ బ్రహ్మాండంగా అయిందంటారు. రెండో రాత్రి ఆయన సెలైన్ పీకేసి, కొడుకుని “ఎవరబ్బాయ్ నువ్వు?” అంటాడు. “మత్తు ఎక్కువిచ్చారు, మతి పోయింది” అని వార్డంతా తీర్పు చెప్పేస్తుంది. వెన్నులో సూదేయించుకుంటే ఈ బాధ ఉండేది కాదనే బంధువు ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు.

ఆ బంధువు మాట నిలవదు. అమెరికా, కెనడాల్లో తుంటి విరిగిన 1,600 మందిలో సగం మందికి వెన్నులో సూది, సగం మందికి పూర్తి మత్తు ఇచ్చి చూశారు. 2021లో ఫలితాలొచ్చాయి. అయోమయంలో పడినవాళ్లు రెండు వైపులా ఇంచుమించు అంతే, నూటికి 20 మంది. అంతకుముందు 1998లో ‘లాన్సెట్’ అచ్చేసిన అధ్యయనంలో 60 దాటిన 1,218 మందిని పెద్ద ఆపరేషన్ల తర్వాత పరీక్షించారు. జ్ఞాపకం, చురుకు తగ్గినవాళ్లు వారం గడిచాక నూటికి 26 మంది, మూడు నెలలకు 10 మంది. అంటే చాలామంది తేరుకున్నారు. నేరం మత్తు ఒక్కదానిదే కాదు. గాయం వల్ల ఒంట్లో పుట్టే వాపు, నొప్పి, నిద్రలేమి, అప్పటికే ఎవరూ గమనించని మతిమరుపు, అన్నిటికీ వాటా ఉంది.

మనమూ కొంత పాపం చేస్తాం. కళ్లజోడు, చెవి మిషన్ భద్రంగా బ్యాగులో దాచి, డిశ్చార్జి రోజున ఇస్తాం. చూపూ వినికిడీ సరిగా లేని మనిషికి ఆసుపత్రి రాత్రి ఇంకా గందరగోళం. రోజూ వేసుకునే నిద్రమాత్ర, రాత్రి పుచ్చుకునే పెగ్గు మత్తు డాక్టరుకు ముందే తెలియాలి. అలవాటైన మందు హఠాత్తుగా ఆగితే రెండు మూడు రోజుల్లో అచ్చం ఇలాంటి అయోమయమే రావచ్చు. కోడలి ముందు అడిగితే పెద్దాయన ముట్టనే ముట్టనంటాడు. డాక్టరు ఆ ప్రశ్న అడిగేటప్పుడు ఆవిణ్ణి మందులు తెమ్మని కిందకు పంపితే మంచిది.