ఎమ్మాయుస్ ఉద్యమం

నిలువ నీడ లేనివారికి ఆశ్రయం, పని, తోడు కల్పించేందుకు 1949లో పారిస్ శివారులోని నూయీ ప్లెజాన్స్‌లో మొదలైన స్వచ్ఛంద ఉద్యమం ఎమ్మాయుస్. అబే పియేర్‌గా పేరుపడ్డ క్యాథలిక్ మతగురువు ఆన్రి గ్రూయెస్ (1912–2007) దీని స్థాపకుడు. గూడు లేని మనిషికి అన్నం, దుప్పటి ఇచ్చాక అతని చేతి సాయం కూడా అడిగినప్పుడే సేవ నిలబడుతుందని ఈ ఉద్యమ చరిత్ర చాటుతుంది.

దీర్ఘకాలం శిక్ష అనుభవించి వచ్చి, సొంత ఇంట్లో చోటు లేక ఆత్మహత్యకు ప్రయత్నించిన జార్జ్ అనే వ్యక్తికి ఇవ్వడానికి అబే పియేర్ దగ్గర ఏమీ లేదు. ఇల్లు లేని కుటుంబాల కోసం ఇళ్లు కడుతున్నాను, ఓ చెయ్యి వేయమని అడిగాడు. అలా ఆశ్రయం పొంది పనిలో పాలుపంచుకునే వారిని ఈ ఉద్యమంలో సహచరులంటారు; జార్జ్ తొలి సహచరుడయ్యాడు. తనకు అన్నిటికన్నా కరువైంది బతకడానికో కారణమేనని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. మొదట్లో అబే పియేర్ పార్లమెంటు సభ్యుడిగా అందుకున్న జీతమే ఆధారం. 1951లో ఆ పదవి పోయాక సహచరులు పాత సామాను సేకరణకు దిగారు. జనం వద్దనుకున్న బీరువాలు, బట్టలు, పుస్తకాలు తెచ్చి, బాగుచేసి, అమ్మి ఆ రాబడితో బతకడం, మిగిలింది తమకన్నా లేనివారికి ఇవ్వడం నియమమైంది. నేటికీ వలంటీర్లు సహచరుల పక్కనే బట్టలు ఏరతారు: అమ్మదగ్గవి ఒక కుప్ప, చిరిగినవి మరో కుప్ప. సహచరులకు దరఖాస్తులు నింపిపెట్టడానికి, ఫ్రెంచి నేర్పడానికి కావలసిన చనువు అలా కలిసి పనిచేయడంలోనే పుడుతుంది.

ఇలాంటి సేవ ప్రభుత్వం భుజాల మీది భారాన్ని దించేస్తుందన్నది ఒక ఆక్షేపణ. 1954 చరిత్ర దీనికి సమాధానం. ఆ చలికాలంలో ఇంటి నుంచి గెంటివేతకు గురైన ఒక మహిళ, ఆ నోటీసు చేతిలో ఉండగానే పారిస్ వీధిలో గడ్డకట్టి చనిపోయింది. ఫిబ్రవరి 1న అబే పియేర్ రేడియో లక్సెంబర్గ్‌లో 5,000 దుప్పట్లు, 300 గుడారాలు, 200 పొయ్యిలు కావాలని కోరాడు. విరాళాలు వెల్లువెత్తాయి. ఆ ఒత్తిడికి పార్లమెంటు కూడా అత్యవసర గృహాలకు నిధులిచ్చింది. చలికాలంలో అద్దెదారులను ఖాళీ చేయించరాదన్న చట్టం 1956లో వచ్చింది. ప్రజల పూనిక ప్రభుత్వాన్ని కదిలించింది.

బస, భోజనం, కొద్దిపాటి భత్యానికి సహచరుల చేత పనిచేయించడం శ్రమదోపిడీ కాదా అన్న ప్రశ్న ఇంతకన్నా బరువైనది. ఫ్రాన్స్‌లో 2008 నాటి చట్టం సహచరులు కలిసి ఉండి పనిచేసే ఈ సమాజాలకు ప్రత్యేక హోదా ఇచ్చినా, సహచరులు మామూలు ఉద్యోగుల లెక్కలోకి రారు. అందుకే బయటి తనిఖీ, నిర్ణయాల్లో సహచరుల మాటకు విలువ తప్పనిసరి. స్థాపకుడి విషయమూ ఇదే చెబుతుంది. పలువురు మహిళలు అబే పియేర్‌పై చేసిన లైంగిక వేధింపుల ఆరోపణలను 2024లో ఎమ్మాయుస్ సంస్థలే బయటపెట్టాయి. ఆయన కీర్తి ఆ బాధితుల మాటకు అడ్డు కాకూడదు. అలాగని, జార్జ్ మొదలుకొని వేలాది మంది సహచరులు తమ చేతులతో నిలబెట్టిన పనిని ఒక్కరి ఖాతాలో వేసి కొట్టిపారేయడమూ తగదు. సేవ చేసేవారి మంచితనాన్ని నమ్ముకుని ఊరుకోకుండా, సేవ పొందేవారికి ప్రశ్నించే అధికారం ఇచ్చినప్పుడే ఈ పద్ధతి న్యాయంగా సాగుతుంది.